బావ, ఎర్రబొత్తాం

మా బావ మంచివాడు. ఈ మాట ముందే రాసేస్తున్నాను, తర్వాత వీలు చిక్కకపోవచ్చు.

2023లో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటినప్పుడు బావకి అక్కడ ఎకరం లేదు. పక్కన ఎనిమిది గుంటలున్నాయి. ఆ గుంటలే జర్మన్ కారై ఇంటికొచ్చాయి. ఫ్యాన్సీ నంబర్ల వేలంలో 9999 చేజారిపోతే మూడ్రోజులు అన్నం సహించలేదు. చివరికి కూడితే తొమ్మిదొచ్చే నంబరుతో సరిపెట్టుకున్నాడు.

ఎటు తిరుగుతున్నాడో ఇండికేటర్ వేసి ఊరందరికీ చెప్పడం బావకి నచ్చదు. అది ఆయన సొంత విషయం. కానీ రెండు వైపులా ఒకేసారి టకటకలాడించే ఎర్రబొత్తాం ఒకటుంటుంది చూశారూ, దాన్ని మాత్రం కంపెనీవాడే ఇచ్చిన పార్కింగ్ పర్మిట్ అనుకుంటాడు. అది నొక్కితే ఎక్కడైనా ఆపొచ్చు. మా నల్లకుంట గల్లీలో టిఫిన్ సెంటర్ ముందు నడిరోడ్డు మీద ఆపి, దిగకుండానే హారన్ కొడతాడు. పిల్లాడు నెయ్యికారం దోశ కిటికీలోంచి అందిస్తాడు. వెనక ఆటోలు, వాటి వెనక స్కూలు బస్సు. ‘రెండు నిమిషాలే కదా బామ్మర్దీ!’ అంటాడు. ఆ రెండు నిమిషాల్లో అల్లం పచ్చడి ఇంకోసారి వేయించుకుంటాడు.

158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు మీద కుడిచివరి లేను బావ పట్టా భూమి. అందులో ఫోన్ మాట్లాడుకుంటూ నింపాదిగా పోతాడు. ఆ ఆదా అయిన వేగమంతా మా గల్లీలో ఖర్చు పెడతాడు. పోయిన వానాకాలం గుంటలో నీళ్లు ఎగజిమ్మి మా అమ్మ గద్వాల చీరని తడిపి వెళ్లింది ఎవరనుకున్నారు? సొంత అల్లుడే! ‘అత్తయ్యా, అద్దాలెత్తితే బయటిదేం తెలీదు’ అన్నాడు. నిజమే, ఆ కారులో కూర్చుంటే బయట పెళ్లి బ్యాండు కూడా వినపడదు.

నాన్నకి రాత్రి రెండింటికి గుండెల్లో నొప్పొస్తే, కోకాపేట నుంచి పరుగున వచ్చింది ఆ కారే. తెల్లారేదాకా ఆస్పత్రి బెంచీ మీద నిద్రపోకుండా కూర్చున్నాడు. కళ్లు చెమర్చి చెయ్యి పట్టుకోబోయేలోగా సెక్యూరిటీ వచ్చాడు. అంబులెన్సుకి అడ్డంగా ఎవరిదో కారు, లైట్లు టకటకా కొట్టుకుంటూ ఉందట.

పోయిన నెల విజయవాడలో పెళ్లికి ఆ కారు తాళాలు నా చేతికిచ్చాడు. నాది పన్నెండేళ్ల పాత చిన్నకారు. చౌటుప్పల్ దాకా మర్యాదగానే నడిపాను. తర్వాత కాలికేమైందో తెలీదు. ముందు అచ్చం నా కారులాంటిదే ఒకటి పోతుంటే డిప్పర్ మీద డిప్పర్ కొట్టాను. సూర్యాపేటలో టీకని ఆగాను. ఎర్రబొత్తాం నా వేలు దానంతటదే వెతుక్కుంది.

ఆ చిన్నకారాయన నా పక్కన ఆపి, కిటికీ దించి ఏదో అన్నాడు. నా అద్దాలు ఎత్తే ఉన్నాయి, ఒక్క ముక్క వినపడలేదు. పెదాల కదలికని బట్టి చూస్తే మాత్రం, బావని నేను రోజూ తిట్టుకునే తిట్టే.