టైటానియం డయాక్సైడ్ పొడి కథ

టైటానియం డయాక్సైడ్ పొడి తన పుట్టుక గురించి చెప్పుకోవలసింది కొంచెమే. భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాల నల్ల ఇసుకలో కనిపించే ఇల్మనైట్ వంటి ఖనిజాలు దాని పుట్టిల్లు. కడప జిల్లాలోని ఎర్రగుంట్లలో దాన్ని చూడనివారుండరు, ఎందుకంటే సిమెంటు దుమ్ము, నాపరాళ్ల పాలిషింగ్ దుమ్ము పేరుకునే ఆ ఊరి గోడలకు తెల్లదనం తెచ్చే రంగులో ఉండేది సాధారణంగా అదే. అయితే ఎండ తగిలితే చుట్టూ ఉన్న సేంద్రియ పదార్థాన్ని విరగ్గొట్టే గుణం దానికి ఉన్నందువల్ల, రంగును గోడకు పట్టి ఉంచే జిగురునే అది తినేస్తుందని, గోడ తాకితే చేతికి సుద్ద అంటుతుందని భయపడి, తయారీదారులు దాని రేణువుల మీద సిలికా, అల్యూమినా పొరలు కప్పుతారు. నోరు కట్టిన ఎద్దులా ఏళ్ల తరబడి గోడకు అంటిపెట్టుకుని ఉండవలసి రావడం, తన అసలు విద్యే లోపంగా లెక్కకు రావడం దాని మొదటి బాధ.

ఆ విద్యకు 1972లో గౌరవం దక్కింది. టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్ మీద కాంతి పడితే నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోతుందని జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. ఇలా కాంతితో చర్యను నడిపి, తాను ఖర్చు కాకుండా మిగిలేదాన్ని కాంతి ఉత్ప్రేరకం అంటారు. అతినీలలోహిత కిరణం తగలగానే రేణువులో ఒక ఎలక్ట్రాన్ పైస్థాయికి ఎగిరి, తన చోట ‘రంధ్రం’ అనే ఖాళీని వదులుతుంది. రంధ్రం నీటి నుంచి చురుకైన కణమైన హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టించి అద్దకపు రంగులను, పురుగుమందులను ముక్కలు చేస్తే, ఎలక్ట్రాన్ అనుకూల పరిస్థితుల్లో హైడ్రోజన్‌ను విడుదల చేస్తుంది. కానీ ఎలక్ట్రాన్-రంధ్రం జంటల్లో ఎక్కువ భాగం పని మొదలుపెట్టకముందే మళ్లీ కలిసిపోయి వేడిగా వృథా అవుతాయి. కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఎం.వి. శంకర్ బృందం రాగి ఆక్సైడ్‌ను ఆ పొడికి తోడు చేసి, గ్లిజరాల్ కలిపిన నీటి నుంచి ఎండలో హైడ్రోజన్ తీయడం మీద పరిశోధించింది. గ్లిజరాల్ రంధ్రాలను ఆక్రమించుకోవడంతో ఎలక్ట్రాన్లకు తీరిక దొరుకుతుంది. ఆ పొడి గర్వంగా చెప్పుకోదగిన పని ఇదే.

కానీ రాయలసీమ ఎండ ఎంత మండినా, అందులో ఆ పొడికి పనికివచ్చే అతినీలలోహిత భాగం సుమారు 5 శాతానికి మించదు. పైగా సున్నపురాయి నేలల బోరునీటిలో అధికంగా ఉండే బైకార్బనేట్, మురికిని విరగ్గొట్టవలసిన రాడికల్‌ను తానే మింగేస్తుంది. నీటి గుణం చూడకుండా దాన్ని అందులో కలిపి, ఫలితం రాలేదని నింద వేయడం అన్యాయం.

అంతకన్నా పెద్ద అన్యాయం పని ముగిశాక జరుగుతుంది. రేణువులు అతి సన్నవి కావడంతో నీరు పాలలా తెల్లబడి, పొడి త్వరగా అడుక్కు దిగదు. వడకట్టే ఓపిక లేనివారు ఆ నీటితో పాటు దాన్నీ కాలువలోకి వదిలేస్తారు. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు ఐసోప్రొట్యూరాన్ అనే కలుపుమందును ఎండలో విరగ్గొట్టే ప్రయోగాల్లో, సన్న బెజ్జాలుండే జియోలైట్ ఖనిజాల మీద ఈ పొడిని నిలిపి వాడారు. అలా నిలిపితే నీటి నుంచి తిరిగి తీయడం తేలిక. ఉపరితలానికి సేంద్రియ మడ్డి పట్టి మందగించిన పొడిని కడిగి, తగినంత వేడి చేస్తే ఆ మడ్డి కాలిపోయి చురుకు చాలావరకు తిరిగి వస్తుంది కూడా. ఆ కాస్త శ్రమ పడకుండానే దాన్ని చచ్చినదాని కింద జమకట్టి పారబోస్తున్నారు.