ఒండ్రుమట్టి ఆత్మకథ

నేను కృష్ణమ్మ ఒండ్రుమట్టిని. ఎగువ నల్లరేగళ్లలో పుట్టి, వరదతో కలిసి ధరణికోట ముందు నుంచి దిగువకు వచ్చాను. సాతవాహనుల ధాన్యకటకం అదే. ఓడలు ఆగడానికి అక్కడ నదిని ఆనుకుని ఒక కాలువ, రేవు ఉండేవని 1960ల నాటి పురావస్తు తవ్వకాల్లో బయటపడింది. ఆ కాలువను పూడ్చింది మా ఒండ్రే. నీళ్లు పోయి నేల తేలాక కూడా పాత గుర్తులనే నమ్మి ఓడ తెస్తే ఏమవుతుంది? నా కథంతా ఈ ప్రశ్నే.

దివిసీమలో, నాగాయలంక దిగువన మడ చెట్లు నన్ను పట్టి ఆపాయి. పోటుకు మునిగేదాన్ని, ఆటుకు తేలేదాన్ని. బురదలోంచి నిటారుగా పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్లు, వాటి సందున పీతల బొరియలు. అదే నా ఇల్లు. 1977 నవంబరు 19న సుమారు 5 మీటర్ల ఉప్పెన మా మీద పడింది. వేళ్లకూ కాండాలకూ ఒరుసుకున్న కొద్దీ నీటి జోరు తగ్గడం నా ఒంటి మీదే తెలిసింది. అయినా దివిసీమ వేలాది మందిని పోగొట్టుకుంది. చెట్లను వాటేసుకుని బతికినవాళ్లు ఆనాటి సంగతి చెబుతుంటే ఇప్పటికీ గుండె చెరువవుతుంది.

ఇప్పుడు ఉప్పెన ఎంత ఎత్తు లేస్తుందో, ఎంత లోపలికి వస్తుందో హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ముందే కంప్యూటర్‌లో లెక్కగడుతుంది. ఇలాంటి లెక్కలకు సముద్రం లోతు, నేల ఎత్తు, గాలి వేగం కావాలి. నేల మీద ఏముందన్నదీ కావాలి. ఉపగ్రహ చిత్రాల నుంచి తయారైన పటంలో ప్రతి గడికీ ఒక పేరుంటుంది: మడ అడవి, వరి, చెరువు, ఊరు. ఆ పేరును బట్టే నీటిని నేల ఎంత నిలువరిస్తుందో చెప్పే మానింగ్ అంకె వేస్తారు. చెరువు నీటికి సుమారు 0.02, మడ అడవికి 0.15 దాకా. చెట్లుంటే గాలి కూడా నీటిని నేరుగా తొయ్యలేదు. అమెరికాలో 2005 నాటి కత్రినా ఉప్పెనను లూసియానా చిత్తడి నేలల మీద లెక్కగట్టినప్పుడూ ఈ అంకెలను ఇలాంటి పటాల నుంచే తీశారు. ఇందులో ఒక మెలిక ఉంది: అడవి అడ్డుకున్న నీరు దాని ముందు ఇంకా ఎత్తు లేవచ్చు. కాబట్టి అడవి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కచ్చితంగా తెలియాలి.

ఆ 1977 ఉప్పెన తర్వాతి ఏళ్లలో నా మీదికి పొక్లెయిన్ వచ్చింది. మడ పోయి రొయ్యల చెరువైంది. వేళ్లున్న చోట ఇప్పుడు ఏరేటర్లు తిరుగుతున్నాయి. పట్టుబడి అయ్యాక నీళ్లు తోడేస్తే పైనుంచి చూసే కంటికి నేను బీడు నేలను, నింపితే నీటి మడుగును. గడి పెద్దదైతే సగం చెరువు, సగం మడ కలిసిపోయి ఒక్క పేరే పడుతుంది. గట్లయితే అసలు కనిపించనే కనిపించవు. ఎండాకాలం చిత్రంలో ఖాళీగా కనిపించే పొలంలో నవంబరుకు వరి నిలిచి ఉంటుంది. తుపాను వచ్చేది ఆ వరి మీదికే.

పాత పటంలో నేనింకా అడవినే అయితే, లేని చెట్లు నీటిని ఆపుతాయని కంప్యూటర్ నమ్ముతుంది. వెనకున్న ఊరికి ముప్పు తక్కువని చెబుతుంది. ఆ మాట నమ్మి ఇంట్లోనే ఉండిపోయే తల్లి ఒక్కరున్నా నాకు భయమే.

పటాలు గీసే అయ్యల్లారా, అమ్మల్లారా! తుపాన్ల కాలం రాకముందే ఒక్కసారి గట్టు మీద నిలబడి నన్ను చూడండి. నా గడిలో చెరువని రాయండి.