గూఢార్థం గుట్టు

గూఢార్థాల వ్యాపారంలో పుదుచ్చేరికి రెండున్నర శతాబ్దాల అనుభవం ఉంది. వేదంలో యేసును వెతికినవాళ్లది ఒక తరం, యేసులో వేదాన్ని వెతికినవాళ్లది మరో తరం. సరుకు మాత్రం ఒకటే.

1760లో మోదావ్ అనే ఫ్రెంచి అధికారి ఇండియా నుంచి తెచ్చిన ‘ఎజూర్‌వేదం’ రాతప్రతిని వోల్టేర్ చేతిలో పెట్టాడు. వోల్టేర్ మురిసిపోయాడు. అలెగ్జాండర్ దండయాత్రకు ముందుదని చాటి, మరుసటేడు రాజుగారి గ్రంథాలయానికి కానుకిచ్చాడు. అందులో వ్యాసుడు పురాణాలు వల్లిస్తే సుమంతుడు వాటిని ఖండించి ఒక్కడే దేవుడని బోధిస్తాడు. క్రైస్తవం పుట్టకముందే ఇంత జ్ఞానమా అని చర్చిని దెప్పడానికి వోల్టేర్‌కు ఆయుధం దొరికింది.

తీరా చూస్తే ఆ ఆయుధం చేసింది పాదిరీలే! అది మన మచిలీపట్నంలో ఒక మిషనరీ రాసిన పుస్తకమని 1782లో ఫ్రెంచి యాత్రికుడు సోన్నెరా రాశాడు. తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదని తేల్చిన ఎల్లిస్ దొరే ఆ తర్వాత పుదుచ్చేరి మిషన్‌లో ఈ కాగితాలు తిరగేశాడు. ఒకవైపు ఫ్రెంచి, ఎదురుగా రోమన్ లిపిలో సంస్కృతం. అదీ బెంగాలీ ఉచ్చారణతో: వ్యాసుడేమో ‘బియాష్’, సుమంతుడేమో ‘షుమొంతు’. ఎల్లిస్ పోయాక, 1822లో, ఆ పరిశీలన అచ్చయింది. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. ఈ గూఢార్థాలవాళ్లు ఎలుకను జేబులో వేసుకునే కొండెక్కుతారు.

తర్వాత సీను తిరగబడింది. ఫ్రెంచి ఇండియాలో జడ్జీగా పనిచేసిన లూయీ జకోలియో 1869లో ‘భారతదేశంలో బైబిలు’ అచ్చేసి, యేసు కథంతా కృష్ణుడి కథేనని తీర్పిచ్చాడు. సాక్ష్యం? ఏ పురాణ పండితుడూ వినని ‘ఈజెయుస్ కృష్ణ’ అనే పేరు! మాక్స్ ముల్లర్ అప్పీలులో కొట్టేసినా ఫలితం లేకపోయింది. 1877లో థియోసఫీ (దివ్యజ్ఞాన) సమాజపు బ్లావట్‌స్కీ ‘ఐసిస్ అన్‌వీల్డ్’లో జకోలియోను పేజీలకు పేజీలు వాడుకుంది.

ఆ సంప్రదాయంలోనే 1901లో అనీబిసెంట్ ‘ఎసోటెరిక్ క్రిస్టియానిటీ’ రాసి, యేసు క్రీ.పూ. 105లో పుట్టాడని ప్రకటించింది. ఆ లెక్కన యేసుకు శిలువశిక్ష వేసిన పిలాతు గవర్నరుగా వచ్చేనాటికి ఆయనకు సుమారు నూట ముప్పై ఏళ్లుండాలి. ఆధారమేమిటమ్మా అంటే, మామూలు కళ్లకు కనపడని రికార్డుల్లో ఉందట! చూడాలంటే దివ్యదృష్టి కావాలి. అది ఎవరికుందో చెప్పాలన్నా దివ్యదృష్టే కావాలి.

1910లో జేమ్స్ ప్రైస్ అనే థియోసఫిస్టు ఇంకో అడుగు వేశాడు. బైబిలు ప్రకటన గ్రంథంలోని ఏడు సంఘాలూ ఊళ్లు కావు, మన ఒంట్లోని ఏడు చక్రాలట. ఇక్కడే అసలు లాభం. ఆ ఏడింటిలో లవొదికయ అనే సంఘానికి రాసిన ఉత్తరం తీసి చదవండి: కలిగినవాళ్లమని విర్రవీగుతున్నారు గానీ మీరు దరిద్రులు, గుడ్డివాళ్లు, నులివెచ్చటివాళ్లని ముఖం వాచేట్టు చీవాట్లు. లవొదికయ ఊరైతే ఆ చీవాట్లు డబ్బున్న భక్తుడికి తగులుతాయి. చక్రమైతే ఎవరికీ తగలవు. కళ్లు మూసుకుని ఊపిరి పీల్చుకుంటే సరి.

థియోసఫిస్టులు మాటలతో ఊరుకోలేదు, మనిషినే చూపించారు. 1909లో అడయారు తీరాన కనిపించిన మదనపల్లె కుర్రాడు కృష్ణమూర్తి శరీరంలోకి జగద్గురువు దిగుతాడని, ఆయనే క్రీస్తని చెప్పి, 1911లో ఓ సంఘం పెట్టారు. 1929లో ఆ కుర్రాడే పెద్దవాడై సంఘాన్ని రద్దు చేసేశాడు. ఇన్నేళ్ల వ్యాఖ్యానాల్లో సూటిగా అర్థమైన మాట అదొక్కటే.

పోల్చి చదవడం తప్పు కాదు, పండితులు చేసేదదే. కానీ శత్రువును ప్రేమించు, ఉన్నది పేదలకివ్వు అన్న మాటలకు గూఢార్థం దేనికి? అవి అర్థం కాకనా? అర్థమైతే పర్సు తియ్యాలి కనుక!