పుణ్యం మనకు, షెల్టర్ పక్క వార్డుకు

మా కాలనీ సంక్షేమ సంఘంలో అందరివీ వెన్నలాంటి మనసులే. ఇల్లూ వాకిలీ లేనివాళ్ల కోసం హైదరాబాద్‌లో మరిన్ని నైట్ షెల్టర్లు కట్టాల్సిందేనని మొన్నటి సర్వసభ్య సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానించాం. చప్పట్లు మోగాయి. ఒకటి మన కమ్యూనిటీ హాలు వెనక ఖాళీ జాగాలో కడతారట అని కార్యదర్శి గారు రెండో వాక్యం చదివేసరికి, చప్పట్లు కొట్టిన చేతులే అభ్యంతరం చెప్పడానికి పైకి లేచాయి.

పక్కనే స్కూలుంది, పిల్లలు దడుచుకుంటారు. ఎదురుగా గుడి ఉంది, బాగుండదు. పార్కుంది, వాకింగుకు ఇబ్బంది. పోనీ వైన్ షాపు పక్కన కట్టుకోమందామా అంటే, అక్కడ మనవాళ్ల బళ్లకే చోటు చాలడం లేదని కోశాధికారి గారు తేల్చేశారు. అసలు సంగతి చివరి వరసలోంచి వచ్చింది: "గజం రేటు పడిపోద్దండీ!" ఆ తర్వాత ఇక చర్చేముంది?

కోర్టులకూ సర్కార్లకూ మన బాధ పట్టదు. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టరైనా ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 లెక్కల్లోనే 67 లక్షలు దాటిన ఊరు మనది. అంటే అప్పటికే 67 కావాలి. ఉన్నవి ఆ దరిదాపుల్లో లేవు. పైగా 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ వాళ్లేమో షెల్టర్ ఊరవతల పనికిరాదన్నారు. రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, మార్కెట్లు ఉన్నచోట, అంటే ఆ మనుషులు పని చేసుకునే చోటికి దగ్గర్లో కట్టమన్నారు. మనిషికి 50 చదరపు అడుగులివ్వాలట. మా సెల్లార్‌లో ఒక్కో కారుకు అంతకు రెట్టింపు ఇచ్చామని ఒక కుర్రాడు గుర్తుచేస్తే, "కారుకు మెయింటెనెన్స్ కడుతున్నాం కదా బాబూ" అన్నారు అధ్యక్షుల వారు.

అయినా షెల్టర్లు కట్టేస్తే మా దుప్పట్లు ఏం కావాలి? ఏటా డిసెంబర్లో రాత్రి పదకొండు దాటాక కార్లలో బయల్దేరి, ఫుట్‌పాత్ మీద పడుకున్నవాళ్లను తట్టిలేపి, ఫొటోకు నవ్వించి మరీ పంచుతాం. వాళ్లంతా నాలుగు గోడల మధ్యకు పోతే ఆ పుణ్యం ఎక్కడ వెతుక్కోవాలి?

నగరానికి చోటు దొరకదని మాత్రం అనకండి. అవసరం మనదైతే ఇట్టే దొరుకుతుంది. 2017 నవంబర్లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ఇవాంకా ట్రంప్ వస్తున్నారనగానే భిక్షాటన మీద నిషేధం వచ్చింది, రోడ్ల మీదివాళ్లను వ్యాన్లెక్కించారు. బిచ్చగాళ్ల ఆచూకీ చెబితే 500 రూపాయల బహుమతి కూడా ప్రకటించారు. బస ఎక్కడంటారా? చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లో. పేరు ఆనందాశ్రమం. ఏ కాలనీ సంఘమూ అడ్డు చెప్పలేదు.

ఇళ్లే కట్టించి దూరంగా పంపేయొచ్చుగా అంటారు కొందరు. 2023 జూన్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభించారు. ఇళ్లు అక్కడికి చేరాయి. పని మాత్రం నగరం నడిబొడ్డునే ఉండిపోయింది. బస్సు ఛార్జీలకే కూలి సగం పోతుందనుకున్న మనిషికి బెడ్‌రూములు రెండైతేనేం, మూడైతేనేం?

ఇంతకీ మేము వద్దన్నవాళ్లు ఎవరో మాకు తెలియనివాళ్లు కారు. పెళ్లిళ్ల సీజన్లో సాయంత్రం కేటరింగ్ వ్యాను అడ్డా మీద ఆగి పదిమందిని ఎక్కించుకుంటుంది. తెల్ల చొక్కా, నల్ల బో కాంట్రాక్టరువి. రాత్రి లెక్క చూసి తిరిగిచ్చేయాలి. మన అమ్మాయి రిసెప్షన్లో "ఇంకో గులాబ్ జామూన్ వేయమంటారా సార్" అని అడిగినవాడు, చివరి పంక్తి లేచాక వెనక గిన్నెలు తోమి, అర్ధరాత్రి దాటాక దింపిన చోటే పేవ్‌మెంట్ మీద ఒరుగుతాడు. చెప్పులు తల కింద పెట్టుకుంటాడు. పక్కన పెడితే తెల్లారేసరికి ఉండవు. సాయంత్రం ఏడింటికి పళ్లెం పట్టుకుని మన ముందుండాలి, రాత్రి పన్నెండింటికి కంటికి కనబడకూడదు. మా కాలనీ కోరుకునేది ఇంతే.

కాబట్టి నాదొక సవరణ తీర్మానం. షెల్టర్ ఔటర్ అవతలే కట్టండి. దాంతోపాటు కేటరింగ్ కుర్రాళ్లు, తాపీ కూలీలు, సామాన్లు మోసేవాళ్లు కావలసిన కాలనీలవాళ్లు స్వయంగా కారేసుకుని వెళ్లి, వాళ్లను ఎక్కించుకొచ్చి, పనయ్యాక మళ్లీ దింపిరావాలి. పెట్రోలు ఖర్చు సంఘానిది. ఇది గిట్టుబాటు కాదంటే కమ్యూనిటీ హాలు వెనక జాగా ఇవ్వండి. రెండూ కుదరవంటే, వచ్చే ముహూర్తానికి గిన్నెలు తోమేవాళ్ల పట్టీలో మన పేర్లు రాసుకుందాం. మొదటి పేరు అధ్యక్షుల వారిది.