ఈశాన్యం మూల హద్దురాయిని

నేను హద్దురాయిని. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు దాటాక ఒక ఊరుంది. నన్ను పాతినప్పుడు అది గ్రామ పంచాయతీ, ఇప్పుడు మున్సిపాలిటీ. అక్కడ ఒకప్పటి జొన్నచేలో, 200 గజాల ప్లాటుకి ఈశాన్యం మూలన నిలబడ్డాను.

మా గుట్టమీద వడ్డెర పనివాళ్లు బండకి వరసగా చిన్న చిన్న గుంతలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు దించి, ఒక్కో చీలమీద ఒక్కో సమ్మెట దెబ్బ వేసుకుంటూ పోయారు. చివరి దెబ్బ పడి, అందరూ చెమట తుడుచుకుంటూ నిలబడ్డాక బండ బారునా చీలింది. అందులోంచి వచ్చిన మూడడుగుల ముక్కని నేను. అడుగున్నర భూమిలో, అడుగున్నర పైన. తలమీద ఎర్ర పెయింటు, పక్కన తెల్ల పెయింటుతో ప్లాటు నంబరు.

లేఅవుటు వేసినాయన కారు బానెట్ మీద రంగుల కాగితం పరిచి ప్లాట్లు అమ్మాడు. అందులో 30 అడుగుల రోడ్లు, రోడ్డు పక్కన చెట్లు, నాకు సరిగ్గా ఎదురుగా ఆకుపచ్చ రంగు పూసిన పార్కు ఉండేవి. నా ప్లాటు కొన్నాయన ఆర్టీసీ కండక్టరు. 2009లో భార్యని తీసుకొచ్చి ఆ పచ్చ ముక్కే చూపించాడు. ‘ఎదురుంగ ఇల్లు రాదే, గాలి మంచిగొస్తది’ అన్నాడు. గజం 1,500 లెక్కన 3 లక్షలకి రిజిస్ట్రేషన్ అయింది. కొన్నేళ్లు తిరక్కముందే ఆ పార్కులోనూ నాలాంటి రాళ్లే పాతారు, వాటికీ నంబర్లు రాశారు. ప్లాట్లన్నీ అమ్ముడుపోయాక లేఅవుటు వేసినాయన మళ్లీ ఈ మట్టి తొక్కలేదు.

ఇక్కడ నియమం సంగతి చెప్పాలి. పద్ధతి ప్రకారం చేసిన లేఅవుటులో కనీసం 10 శాతం జాగా ఖాళీగా వదిలి స్థానిక సంస్థకి అప్పగించాలి. రోడ్లు, మురికి కాల్వలు, నీళ్ల పైపులు, కరెంటు స్తంభాలు లేఅవుటు వేసినవాడే పెట్టాలి. హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) లాంటిది అనుమతి ఇచ్చేటప్పుడు ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతం తన దగ్గర తనఖా పెట్టుకుంటుంది. పనులన్నీ పూర్తయ్యాకే వాటిని విడుదల చేస్తుంది. నాతోపాటే గుట్ట దిగిన రాళ్లు కొన్ని అలాంటి లేఅవుటుకి వెళ్లాయి. అక్కడ ముందు రోడ్డు పడింది, తరువాత ఇళ్లు లేచాయి. మా దగ్గర పంచాయతీ ముద్ర ఒక్కటే ఉంది. పైనున్న ప్రణాళికా శాఖ అనుమతి లేకుండా ఆ ముద్ర చెల్లదన్న సంగతి కొన్నవాళ్లకి చెప్పిన మనిషి లేడు. ప్లాటు ప్లాటుకీ రిజిస్ట్రేషన్ జరిగింది, స్టాంపు డ్యూటీ వసూలైంది. ఏ కౌంటరులోనూ ఒక్కరూ ‘ఆగు’ అనలేదు.

ఆ మాట 2020 ఆగస్టు 26న వచ్చింది. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. అదే నెల 31న ప్లాట్ల క్రమబద్ధీకరణ పథకం, జనం నోట ఎల్ఆర్ఎస్, 131 నంబరు జీవోగా బయటికొచ్చింది. మొదట అప్పటి మార్కెట్ విలువ పట్టుకుని చార్జీ వేస్తామన్నారు. జనం గోల పెట్టాక, సెప్టెంబరులో, ప్లాటు రిజిస్టరైన నాటి విలువకి మార్చారు. తెలంగాణ మొత్తంమీద 25 లక్షలకి పైగా దరఖాస్తులు పడ్డాయి. మా కండక్టరుగారూ వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకున్నారు. ఆ తరువాత ఏళ్లు గడిచాయి. ప్రభుత్వం మారింది, ఆయన రిటైరయ్యాడు. 2025లో గడువులోపల కడితే 25 శాతం తగ్గిస్తామన్నాక కదలిక వచ్చింది.

ఆ లెక్క నా పక్కనే, ప్లాన్ గీసే ఇంజినీరు స్కూటర్ సీటు మీద జరిగింది. 200 గజాలంటే 167 చదరపు మీటర్ల పైచిలుకు. ఆ సైజుకి చదరపు మీటరుకు 400 చొప్పున మూల చార్జీ దగ్గర దగ్గర 66,900. రిజిస్ట్రేషన్ నాటి విలువ గజానికి 3,000 లోపు కాబట్టి అందులో 20 శాతం కడితే చాలు, అంటే 13,400 దాకా. ఇంతవరకు ఆయన తల ఊపుతూ విన్నాడు. తరువాత, ఖాళీ జాగా వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం. 3 లక్షల మీద 42,000.

‘గీ పద్నాలుగు శాతం ఏంది సారూ? పార్కు నేను అమ్ముకున్ననా?’

‘నువ్వు అమ్మలేదన్నా. పార్కు లేని లేఅవుట్ల కొన్నవు గదా.’

రెండూ కలిపి 55,400 దాకా అయింది, పావు వంతు పోగా 41,500 చిల్లర కట్టాడు. కట్టడం గురించి నాకు పేచీ లేదు. ఎక్కడో ఒకచోట పార్కుకి జాగా కొనాలంటే డబ్బు కావాలి. అడిగిన మనిషి సరైన మనిషేనా అన్నది నా బాధ. పార్కుని ముక్కలు చేసి అమ్మినవాడి దగ్గర లాభం ఉంది. దాన్ని నమ్మి కొన్నవాడి దగ్గర చలానా ఉంది. వసూలు చేయడం తేలిక కాబట్టి చలానా ఉన్నవాడినే పట్టుకున్నారు.

ఇల్లు మొదలుపెట్టే వేళకి అనుమతి సులువుగానే వచ్చింది, ఆ మేలు కాదనను. 2020లో టీఎస్-బీపాస్ అనే భవన అనుమతుల చట్టం వచ్చినప్పటినుంచి 75 గజాల లోపు జాగాలో చిన్న ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల దాకా, 10 మీటర్ల ఎత్తు లోపల, స్వీయ ధ్రువీకరణతో అప్పటికప్పుడు అనుమతి. ఆఫీసు వరండాల్లో ఫైలు పట్టుకుని నిలబడే రోజులు పోయాయి. కానీ అనుమతితో పాటు మళ్లీ ఒక బిల్లు వచ్చింది. పర్మిట్ ఫీజు, డెవలప్‌మెంట్ చార్జీ, ఖాళీ స్థలం పన్ను, ఇంకుడు గుంత పద్దు. ఊరినిబట్టి, జాగానిబట్టి ఈ పద్దులు మారతాయి, కొందరికి బెటర్‌మెంట్ చార్జీ కూడా పడుతుంది. వాటితోపాటు నిర్మాణ ఖర్చులో 1 శాతం లేబర్ సెస్సు. సొంతంగా ఉండటానికి 10 లక్షల లోపు కట్టుకునే ఇంటికి అప్పట్లో అది లేదు గానీ, ఆయన కట్టేది అంతకు మించింది. ఈ సెస్సు భవన కార్మికుల సంక్షేమ బోర్డుకి పోతుంది. నన్ను చీల్చిన చేతులు గుర్తొచ్చి, ఆ రూపాయలు కట్టాల్సినవేనని గట్టిగా అనుకున్నాను.

డెవలప్‌మెంట్ చార్జీ కొత్తదేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1975లో చేసిన పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టంలోనే ఉంది. భూమి వాడకం మారినా, దానిమీద కట్టడం లేచినా ఊరి సదుపాయాల మీద భారం పెరుగుతుంది, ఆ పెరిగిన భారంలో కట్టేవాడూ వంతు వేసుకోవాలి అన్నది దాని వెనకున్న ఆలోచన. న్యాయమైన ఆలోచనే. మా వీధికి పైపు వేసే ఖర్చు ఎక్కడో పాతబస్తీలో ఇరుకింట్లో ఉన్నవాళ్ల నెత్తిన ఎందుకు పడాలి?

అయితే ఆ వంతు ఏమైందో చూడాలంటే నా చుట్టూ చూస్తే చాలు. రోడ్డు ఎంత ఎత్తున పడుతుందో తెలియక ఆయన పునాది మీద మూడడుగుల దాకా మొరం నింపించాడు. ముందు పడ్డ ట్రాక్టర్ల మొరానికే నా ప్లాటు నంబరు సగం కప్పుకుపోయింది. నా పక్కనే సంపు తవ్వారు. ఈశాన్యం మూల కదా, నీళ్లు అక్కడే ఉండాలి. ఆ సంపులోకి ఇప్పటికీ ట్యాంకరు నీళ్లే. మురుగు పోయే దారి లేక వీధివాళ్లంతా తలా కొంత చందా వేసుకుని, మేస్త్రీని పిలిచి, పీవీసీ పైపు తామే వేయించుకున్నారు. అది వీధి చివర ఖాళీ ప్లాట్లలోకి వదిలేసి ఊరుకుంది, అంతకు మించి వాళ్ల చేతిలో లేదు. వానాకాలం ఆ నీళ్లు వెనక్కి తన్నుకొచ్చి నా మొదలు దగ్గర నిలబడతాయి. చందా డబ్బులు తెచ్చిన రోజు ఆయన భార్య లెక్కపెడుతూ అంది: ‘రోడ్డుకని ఆడ గట్టినం, కాల్వకని మళ్ల ఈడ గడుతున్నం.’

ఆ వీధిలో ఒక వకీలుగారు ఉన్నారు. సాయంత్రాలు నామీద ఒక కాలు పెట్టి మాట్లాడతారు. పన్ను వేరు, ఫీజు వేరు అని 1954లోనే శిరూర్ మఠం కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట. పన్నుకి ఇదిగో దీనికి బదులు ఇది అని చూపక్కరలేదు. ఫీజుకి మాత్రం ఏదో ఒక సేవతో సంబంధం ఉండాలి. తరువాత 1983లో, మన ఆంధ్రప్రదేశ్ మార్కెట్ ఫీజు కేసులోనే, రూపాయికి రూపాయి సేవ చూపనక్కరలేదు, స్థూలంగా సంబంధం ఉంటే చాలునని కొంత సడలించారట. ‘కాబట్టి కోర్టుకి పోతే గట్టిగా నిలబడే కేసు కాదు. కానీ కట్టిన డబ్బు ఏ ఖాతాలో పడిందో అడగొచ్చు’ అన్నారు వకీలుగారు.

అడగడానికి ఆధారం ఉంది. ఎత్తయిన భవనాల మీద వేసే నగరస్థాయి ఇంపాక్ట్ ఫీజుని ప్రత్యేక ఖాతాలో ఉంచాలని, అందులో సగం అదే ప్రాంతంలో ఖర్చు చేయాలని 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల్లో రాసి ఉంది. క్రమబద్ధీకరణ డబ్బునీ విడిగా ఉంచి సదుపాయాలకే వాడాలన్నారు. అంటే వసూలైన చోట ఖర్చు చేయాలన్న బుద్ధి ప్రభుత్వానికి కొత్తగా నేర్పాల్సింది కాదు. వసూలు వివరం మీట నొక్కగానే ఫోనులోకి వస్తుంది, ఖర్చు వివరం మాత్రం వీధికి రాదు. అనుమతి అప్పటికప్పుడు ఇవ్వగలిగిన కంప్యూటరు, ఈ లేఅవుటు నుంచి ఎంత వచ్చింది, ఇక్కడ ఎంత పెట్టాం అన్న రెండు అంకెలు చూపలేదా? కాలనీ మొదట్లో ఒక బోర్డు మీద ఆ రెండు అంకెలు రాసి పెడితే చార్జీ కట్టేవాడి చేయి ఇంత వెనకాడదు. కొత్త లేఅవుట్ల విషయంలో తనఖా పెట్టుకున్న ప్లాట్లని పనులు పూర్తికాకుండా విడవకపోతే, ఈ క్రమబద్ధీకరణల అవసరమే రాదు.

మొన్న ఆదివారం వీధివాళ్లు కూర్చుని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాశారు. వకీలుగారు చెప్పగా మా కండక్టరు రాశాడు. టికెట్ల లెక్క రాసి రాసి అలవాటైన చేయి, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. పది రూపాయల ఫీజు జత చేశారు. ప్రశ్నలు నాలుగే. ఈ సర్వే నంబర్ల నుంచి క్రమబద్ధీకరణ కింద, ఇంటి అనుమతుల కింద ఇప్పటివరకు వసూలైనది ఎంత? అది ఏ ఖాతాలో ఉంది? అందులోంచి ఈ వీధులకి మంజూరు చేసిన పనులేమిటి? ఖాళీ జాగా కింద వసూలు చేసిన 14 శాతంతో పార్కుకి ఎక్కడ స్థలం తీసుకున్నారు, తీసుకోకపోతే ఎప్పటిలోగా తీసుకుంటారు? జవాబుకి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. ఆ కాగితం మీద వీధిలో ఇల్లు కట్టుకున్న అందరి సంతకాలూ పడ్డాయి. ఒకప్పటి పార్కు జాగాలో ప్లాటు కొని, ఇంకా ఇల్లు మొదలుపెట్టని ఇద్దరు కూడా వచ్చి సంతకం పెట్టి వెళ్లారు.