కుర్చీ దిగని వీరుడు

స్టీవెన్ సీగల్ సినిమాలో సీగల్‌కి దెబ్బ తగిలిందంటే ఎడిటర్ ఆరోజు సెలవు పెట్టి ఉండాలి. జాకీ చాన్ పాపం ప్రతి సినిమాలోనూ తన్నులు తింటాడు, ఎదుటివాణ్ణి గుద్ది తనే చెయ్యి విదిలించుకుంటాడు. సీగల్‌కి ఆ బాధలేవీ లేవు. పదిమందిని మట్టి కరిపించినా పిలక చెదరదు, కోటు నలగదు.

ఆయన విద్య ఐకిడో. జపాన్‌లో మొరిహెయి ఉయెషిబా రూపొందించింది. సీగల్ ఒసాకాలో ఉండి దాన్ని నేర్పాడు కూడా. మీదికొచ్చేవాడి ఊపుని వాడి మీదికే తిప్పడం అందులో కిటుకు. అంటే కష్టమంతా రౌడీదే. పరిగెత్తుకు రావడం వాడి పని, మణికట్టు అందించడం వాడి పని, పల్టీ కొట్టి బల్ల విరగ్గొట్టడమూ వాడి పనే. మనవాడు కాస్త పక్కకి తిరిగితే చాలు. నడుం పట్టేసే వయసులో ఉన్న నాకు ఇంతకన్నా నచ్చే విద్య ఇంకేముంటుంది? వేళాకోళం ఎలా ఉన్నా, 1988లో వచ్చిన మొదటి సినిమా 'ఎబవ్ ది లా'లో ఆ చేతుల వేగం మాత్రం చూసి తీరాల్సిందే.

1990లో 'హార్డ్ టు కిల్' వచ్చింది. అందులో ఏడేళ్ళు కోమాలో ఉంటాడు. కుంభకర్ణుడికైనా ఆరునెలలకోసారి మెలకువ వచ్చేది. గడ్డం పెరిగిన హీరో కళ్ళు తెరిచేసరికి హంతకుడు ఆసుపత్రిలోనే ఉంటాడు. లేచే ఓపిక లేక, మంచం మీద పడుకునే, తుడుపు కర్రతో నేలని నెట్టుకుంటూ చక్రాల మంచంతో సహా లిఫ్టు దాకా వెళ్ళిపోతాడు. ఆయన ముందు ముందు ఏం చేయబోతున్నాడో నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది.

అన్నిట్లోకీ నాకిష్టం 'అండర్ సీజ్', 1992. అమెరికా యుద్ధనౌక మీద వంటవాడు. పాటలవాళ్ళ వేషంలో వచ్చిన దొంగలు ఓడని పట్టుకుంటారు. ఇంగ్లీషు రాని మా అమ్మకి ఒక్క ముక్క చెప్పాను, ఆ వంటవాడు మామూలోడు కాదని. "తెలుసులేరా, వలలుడు" అంది. ఆ పైన కథ చెప్పే పని లేకపోయింది. టామీ లీ జోన్స్ తెర మీదికి రాగానే "వీడే కీచకుడు" అని తేల్చేసింది. మైక్రోవేవ్‌లో బాంబు పెట్టినప్పుడు మాత్రం "ఆ గిన్నె లోపల పెట్టకూడదు కదా" అని కంగారు పడింది.

తర్వాత్తర్వాత ఆయన సినిమాలు హాలు ముఖం చూడకుండా నేరుగా డీవీడీలుగా రావడం మొదలైంది. రుమేనియాలోనో బల్గేరియాలోనో తీసేవాళ్ళు. ఏడాదికేడాది కోటు పొడవు పెరిగింది, కదలిక తగ్గింది. చివరికి కుర్చీలో కూర్చుని, రేషన్ షాపు క్యూలో లాగా ఒక్కొక్కరే వస్తున్న రౌడీలకి వరసగా చేతులు విరిచి పంపించేదాకా వచ్చింది. పరిగెత్తే షాట్‌లో మనకి వీపు మాత్రమే కనబడుతుంది. ఆ వీపు ఎవరిదో దేవుడికే ఎరుక. "పాపం, మోకాళ్ళ నొప్పులేమో" అని అమ్మ సానుభూతి చూపించింది. వయసు మీదపడ్డా కాలేజీ కుర్రాడిలా గెంతే హీరోలని చూసిన కళ్ళకి, కూర్చుంటానని నిజాయితీగా కూర్చున్నవాడు నాకైతే నచ్చాడు.

అలాంటివాణ్ణి 1996లో 'ఎగ్జిక్యూటివ్ డెసిషన్' వాళ్ళు ఏం చేశారో తెలుసా? ఒక విమానంలోంచి ఇంకో విమానంలోకి ఆకాశంలోనే కమాండోలు ఎక్కుతుంటే, సినిమా సగం కూడా కాకముందే సీగల్ గాలిలో కలిసిపోతాడు. అమ్మ ఒప్పుకోలేదు. "అంతా ఉత్తిదే, ఇంటర్వెల్ తర్వాత వస్తాడు" అంది. టీవీలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా ఆశగా చూసింది. చివర్లో కర్ట్ రస్సెల్ నానా తంటాలూ పడి విమానాన్ని దింపాడు, పేర్లు పడ్డాయి. అమ్మ నా వైపు తిరిగింది.

"హీరో రాకుండానే ఆపేశారేంట్రా?"