పడవ కొందామా బావా?

మా బామ్మర్దికి పడవ పిచ్చి పట్టుకుంది. చిత్తూరోడికి పడవ! పుట్టి బుద్ధెరిగాక వాడు దగ్గరగా చూసిన నీళ్లు ట్యాంకరువే. "కొన్ని దుడ్లు మనం పెట్టి, మిగతాది లోను తీసుకుందాం బావా. బాడుగకి తిప్పితే మూడేండ్లలో అప్పు తీరిపోతాది" అంటాడు.

వాడి తప్పేముంది? 2022 ఏప్రిల్ 4న ప్రభుత్వం మ్యాపు మీద గీత గీసింది. సూళ్లూరుపేట మా పక్కనున్న తిరుపతి జిల్లాలోకి వచ్చేసింది. దాని వెంట పులికాట్, ఆ వెనకే బంగాళాఖాతం. ఒక్క సంతకంతో సముద్రం! పాపం, భగీరథుడు అనవసరంగా ఒళ్లు హూనం చేసుకున్నాడు. ఒక జీవో తెచ్చుకునుంటే పోయేది.

సరే, లెక్క వేద్దాం. చిలికా తర్వాత దేశంలో అంతటి ఉప్పునీటి సరస్సు పులికాటే. పేరు గొప్ప. లోతు? సగటున మీటరుకు అటూ ఇటూ. ఎండలు ముదిరితే చాలాచోట్ల బురదే. రాయదొరువు దగ్గర సముద్ర ముఖద్వారం ఇసుకతో పూడిపోతోందని జాలర్లు మొత్తుకుంటూనే ఉన్నారు. పూడిక తీయిస్తామని చెప్పని నాయకుడున్నాడా? మాటలకే పూడిక పోయేదైతే పులికాట్ ఈపాటికి పాతాళాన్ని తాకేది.

మరి పడవ ఎక్కేదెవరు? ఫ్లెమింగో పండుగ మూడు రోజులు పులికాట్ ఒడ్డున బీవీ పాళెంలో షికారు, సందడి, సెల్ఫీలు. మూడు రోజులు రాబడి, మిగతా 362 రోజులు వడ్డీ. అదైనా ఏటేటా ఉంటుందా? 2020లో జరిగిన పండుగ మళ్లీ 2025లో గానీ జరగలేదు. పక్షులు మాత్రం రావడం మానలేదు. వాటికి బడ్జెట్ అక్కర్లేదు కదా! ఆ మధ్య నాలుగేళ్ల కంతులు ఎవరు కట్టాలి? కొంగలా?

ఇక ప్రాణాల లెక్క. 2017 నవంబరు 12న కృష్ణలో, ఫెర్రీ ఘాట్ దగ్గర, అనుమతి లేని బోటు తిరగబడింది. ఇరవై మందికి పైగా పోయారు. విచారణ. ఆదేశాలు. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో, కచ్చులూరు దగ్గర, ఇంకో బోటు. దాదాపు 50 మంది. విచారణ. ఆదేశాలు. నది మారింది, జెండా మారింది, కాగితం మాత్రం అదే! కచ్చులూరు బోటును ఒడ్డుకు లాగడానికి 38 రోజులు పట్టింది. చివరికి లాగిందెవరు? తాళ్లు, లంగర్లతో కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం జట్టు. 2024 సెప్టెంబరులో కొట్టుకొచ్చిన బోట్లు ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దితే మనవాళ్లు దేని మీద కొట్టుకున్నారు? బోటుకు వేసిన రంగు ఏ పార్టీదని!

ఇదంతా బామ్మర్దికి విడమరిచి చెప్పాను. కాసేపు బుర్ర గోక్కున్నాడు.

"అయితే ట్యాంకరు కొందాం బావా. ఎవరు గెలిచినా దానికి గిరాకీ ఉంటాది."